వేడి మీద కొలత

ఆ వర్క్‌షాపులో ఆమెను అందరూ కొలతలక్క అనేవారు. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినపడేది కాదు. పందొమ్మిదేళ్ళ వయసులో, లేత్ మిషన్ల కింద రాలిన ఇనుప రజను ఊడ్చే పనికి చేరింది. కొలతల గదిలో కూర్చునే మేస్త్రి, ఆ పిల్ల చీపురు పక్కన పెట్టి మైక్రోమీటర్ వంక ఆశగా చూడటం కనిపెట్టి, "చూస్తే ఏమొస్తుంది, పట్టుకో" అన్నాడు. అంతే! అయిదేళ్ళలో లేత్ మీద ఆమె చేయి తిరిగింది. పదేళ్ళకల్లా వేలితో తడిమి "ఇది వెంట్రుకంత లావుంది" అనేది. అనుమానంతో కొలిచి చూసినవాళ్ళు నోరు వెళ్ళబెట్టేవారు.

కానీ నోటీసు బోర్డుకి వేళ్ళ సంగతి ఏం తెలుస్తుంది? "టెక్నీషియన్ పోస్టుకు డిప్లొమా తప్పనిసరి" అని దాని మీద ఏళ్ళ తరబడి ఉండేది. డిప్లొమా పట్టుకుని వచ్చినవాళ్ళు మూడు నెలలు ఆమె దగ్గర పని నేర్చుకుని, నాలుగో నెల నుంచి ఆమెకే పని చెప్పేవారు. ఒకరా, ఇద్దరా, నలుగురు! వాళ్ళేం చెడ్డవాళ్ళు కాదు. పైకి వెళ్ళాక కూడా "అక్కా" అనే పిలిచారు. పిలుపులో లోటు లేదు, ఉన్న లోటల్లా పోస్టులోనే.

ఆమెకు నలభై ఒకటి నిండిన ఏడు మేస్త్రి కుండ బద్దలు కొట్టినట్టు చెప్పాడు. "ఇంకో మూడేళ్ళలో నేను దిగిపోతాను. నా కుర్చీలో నువ్వుండాలి. కాగితం లేకపోతే నిన్ను కూర్చోనివ్వరు. సాయంత్రం పాలిటెక్నిక్‌లో చేరు."

"ఈ వయసులో బడికా? నవ్విపోతారు మేస్త్రీ."

"నవ్వనీ. నవ్విన నాపచేనే పండుతుంది."

చేరింది. షిఫ్టు దిగి, చేతుల నూనె వాసన పూర్తిగా పోకుండానే వెళ్ళి వెనక బెంచీలో కూర్చునేది. డ్రాయింగులు చూడగానే బోధపడేవి. లెక్కలే కొరుకుడు పడలేదు. ఎనిమిదో తరగతి చదివే కూతురు పై తరగతి పుస్తకాలు అడిగి తెచ్చి, ముందు తను నేర్చుకుని, వంటింటి బల్ల మీద తల్లికి పాఠం చెప్పేది.

"సైన్ తీటాని చూసి అలా మొహం మాడ్చుకోకమ్మా, అది నిన్నేం చేయదు."

"చేయకేం! నిన్న మూడు మార్కులు మింగేసింది."

అలా పడుతూ లేస్తూ మూడేళ్ళు గడిచాయి. రాత పరీక్షలన్నీ గట్టెక్కింది. ఇక మిగిలింది ప్రాక్టికల్. ఆ నెలాఖరుకే మేస్త్రి రిటైర్మెంటు. "పాసై రండి, ఆ కుర్చీ మీదే. తప్పితే మాత్రం బయటివాళ్ళని తీసుకోక తప్పదు" అన్నాడు మేనేజరు. షాపంతా నవ్వింది. కొలతలక్క ప్రాక్టికల్ తప్పడమేంటి, చేపకి ఈత పరీక్షా?

పరీక్ష ఇదీ. ఇచ్చిన ఇనుప ముక్కను మూడు గంటల్లో లేత్ మీద తిప్పి, యాభై మిల్లీమీటర్ల వ్యాసానికి చెక్కాలి. యాభై దాటకూడదు. తగ్గితే మిల్లీమీటరులో వందో వంతులు రెండు తగ్గొచ్చు, అంతకన్నా తగ్గితే ముక్క చెత్తబుట్టకే. చీటీ తీస్తే ఆమెకు మూల మిషన్ వచ్చింది. దాని బెల్టు రెండుసార్లు జారింది. ముక్క మీద నీళ్ళు పోసి చల్లార్చే పంపు అసలు పని చేయలేదు. బెల్టు బాగుచేసుకునేసరికి గంట కాలం హరీమంది. మిగిలిన టైములో ఊపిరి తీసుకోకుండా చెక్కి, చివరి కోత అయిన వెంటనే కొలిచింది. నలభై తొమ్మిది పాయింట్ తొమ్మిది తొమ్మిది. అమ్మయ్య అనుకుని ముక్కను విప్పి చేతిలోకి తీసుకుంది.

ముక్క అప్పుడే పోసిన టీ గ్లాసులా వేడిగా ఉంది. ఇనుము వేడెక్కితే ఉబ్బుతుంది, చల్లారితే తగ్గుతుంది. వేడి మీద కొలత అబద్ధం. ఈ మాట ఆమె ఎంతమందికి చెప్పిందో లెక్కలేదు. వేడి ముక్కకు మైక్రోమీటర్ తగిలించిన ప్రతివాడి చేతి మీదా ఒక్కటిచ్చేది. ఊరందరికీ శకునం చెప్పే బల్లి తానే కుడితిలో పడ్డట్టయింది.

టైమైపోయింది. పరీక్షాధికారి వచ్చి అక్కడికక్కడే ముక్క కొలిచాడు. "బాగుందమ్మా" అని మార్కుల కాగితం మీద కలం పెట్టాడు.

నోరు మూసుకుంటే సరిపోయేది. మూసుకుందామనే అనుకుంది కూడా, ఆమేం దేవత కాదు. గాజు తలుపుల కొలతల గది, అందులో మేస్త్రి కుర్చీ, ఇంట్లో గడియారం చూసుకుంటూ ఉండే కూతురు, అన్నీ కళ్ళముందు మెదిలాయి. కానీ ఆ కుర్చీలో కూర్చుని చేసే పనేమిటి? ఇది సరిపోయింది, ఇది సరిపోలేదు అని పొద్దస్తమానం నిజం చెప్పడమే. అబద్ధంతో వెళ్ళి అందులో ఎలా కూర్చుంటుంది?

"సార్, చల్లారనివ్వండి."

"ఏంటమ్మా?"

"ఇప్పుడు కొలత వస్తుంది సార్. అరగంట పోతే రాదు."

ఆయన ఆమెను ఎగాదిగా చూశాడు. ముక్కను రాతిబల్ల మీద పెట్టి, మిగతావాళ్ళ పని చూసి తిరిగొచ్చాడు. కొలిచాడు. నమ్మలేనట్టు ఇంకోసారి కొలిచాడు. తగ్గొచ్చన్న రెండు వంతులూ దాటి, ఇంకో వందో వంతు తక్కువుంది. "చూసినదాన్ని చూడలేదని రాయలేనమ్మా" అన్నాడు. ఆ గొంతులో బాధ ఉంది. కానీ కాగితం మీద తప్పిందనే రాశాడు.

ఇంట్లో కూతురు భగ్గుమంది. "నీకు పిచ్చా అమ్మా? మూడేళ్ళు! నా హోంవర్కు పక్కన పెట్టి నీకు లెక్కలు చెప్పింది ఇందుకా?" ఆమె స్నానాల గదిలోకి వెళ్ళి కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది. నిజం చెప్పానన్న తృప్తీ లేదు, పాడూ లేదు. కుర్చీ పోయిందనే ఏడ్చింది.

మేస్త్రి అయినా ఓ మంచి మాట అంటాడనుకుంది. ఆయన కస్సుమన్నాడు. "చెప్పావు, సరే. చెప్పకపోతే నీ మొహం చూసేవాణ్ణి కాదు. అసలు వేడి మీద ఎందుకు కొలిచావు? అడుసు తొక్కనేల, కాలు కడగనేల?"

"టైము లేదు మేస్త్రీ."

"నీకు టైము లేదని ఇనుము తొందరగా చల్లారుతుందా?" అని కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ కూర్చున్నాడు. ఎంతసేపటికీ తుడవడం ఆపలేదు. ఆయనకూ ఏడుపొస్తోందని ఆమెకు అర్థమైంది.

నెలాఖరుకి ఆయన వెళ్ళిపోయాడు. ఆ కుర్చీలోకి డిప్లొమాతో ఒక కొత్తమ్మాయి వచ్చింది. కొలతలక్క ఆమెకూ పని నేర్పింది. మొదటి వారంలోనే ఆ అమ్మాయి వేడి ముక్కకు మైక్రోమీటర్ తగిలించబోయింది. అలవాటు కొద్దీ కొలతలక్క చెయ్యెత్తింది గానీ, కొట్టడానికి మనసు రాలేదు. ముక్కను మెల్లగా పక్కకు జరిపి, "కాసేపాగమ్మా" అంది.

మరుసటి ఏడు ఆమె మళ్ళీ పరీక్షకు దరఖాస్తు రాస్తుంటే కూతురు పక్కన చేరింది. ఈసారి కోపం లేదు. "కుర్చీ ఎలాగూ పోయింది కదమ్మా, మళ్ళీ ఎందుకు?"

"పోతే పోయిందిలేవే. ఆ తప్పిన ముక్క నా చేతి పని. నా పేరు మీద అదొక్కటే మిగిలిపోకూడదు."

అదే గది, అదే పరీక్షాధికారి. ఈసారి మిషన్ సవ్యమైనదే దొరికింది. చివరి కోతకు ముందు ఆమె మిషన్ ఆపేసి, స్టూలు మీద చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పక్కనున్న కుర్రకారు, పాపం చేతులెత్తేసిందనుకున్నారు. పావుగంట సేపు గడియారం వంక కూడా చూడలేదు. తర్వాత లేచి కొలిచి, పల్చగా ఒక్క కోత కోసి, ముక్కను విప్పి రాతిబల్ల మీద పెట్టి మళ్ళీ కూర్చుంది.

పరీక్షాధికారి మైక్రోమీటర్ పట్టుకుని వచ్చాడు. గుర్తుపట్టాడు.

"అయిందామ్మా?"

"అయింది సార్. ఇంకా చల్లారలేదు."

ఆయన ఇంకో స్టూలు లాక్కుని ఆమె పక్కనే కూర్చున్నాడు. కాసేపటికి ఆమె ముక్క మీద చెయ్యి వేసి చూసి తలూపింది. ఆయన లేచి కొలిచాడు.

"బాగుందమ్మా" అని కలం తీశాడు.

ఈసారి ఆమె అడ్డు చెప్పలేదు.