తప్పు కాదని చెప్పిన టీచర్

మా ఇంగ్లీషు టీచర్ పోయారు. ఆ సంగతి తెలిసేటప్పటికి నేను హోటల్ కౌంటర్‌లో ఉన్నాను. ఒకప్పుడు నాతో పాటు ఆమె దగ్గర చదువుకున్న క్యాబ్ డ్రైవర్ అన్న ఎయిర్‌పోర్టు నుంచి గెస్టులను తీసుకొచ్చాడు. సామాను దించుతూనే చెప్పాడు.

"టీచర్ చనిపోయిందంట చెల్లె. తెల్లారంగ దవాఖానల పానం పోయిందంట. మధ్యాహ్నం మట్టి చేస్తరు. వస్తవా?"

"వస్త" అన్నాను. గెస్టుల పాస్‌పోర్టులు చూసి, గది తాళాలిచ్చి, లిఫ్ట్ ఎటువైపు ఉందో, టిఫిన్ ఎక్కడ పెడతారో ఇంగ్లీషులో వివరంగా చెప్పాను. ఒక్క మాట కూడా తడబడలేదు. ఆ తడబడకపోవడం ఆమె ఇచ్చిందే. అందుకే ఆమె మీద నా కోపం ఇన్నేళ్లలో ఎప్పుడూ ఒకే తీరుగా ఉండలేదు.

విమానాశ్రయం తెరిచిన కొత్తలో శంషాబాద్‌లో ఎవరిని కదిలించినా ఇంగ్లీషు మాటే. మా చెలక భూమి అప్పటికే విమానాశ్రయం కింద పోయింది. బాపు కొత్తూరు దారిలో ఒక గోదాముకు వాచ్‌మన్‌గా కుదిరాడు. నేను తెలుగు మీడియంలో డిగ్రీ పూర్తిచేసి ఇంట్లో కూర్చున్నాను. టీచర్ చర్చి బడిలో పనిచేసి రిటైరైన మనిషి. తన ఇంటి ముందుగదిలో బల్లలు వేసి మాకు పాఠం చెప్పేవారు. క్యాబ్‌లు నడిపేవాళ్లు, హోటళ్లలో పనిచేసేవాళ్లు, నాలాంటి ఆడపిల్లలు అందరం ఒకే గదిలో.

ఆమెకు ఇంగ్లీషులోని చిన్న మాటలంటే ప్రాణం. ఇన్, ఆన్, ఎట్, విత్, అబౌట్ లాంటి ప్రిపొజిషన్లు. "మనం మాట చివరన అతికిస్తం. ఇంట్ల, బస్సుల, బాపుతోని. వాళ్లు ముందల పెడతరు. గంతే తేడా. దీనికెందుకు పరేషాన్?" అనేవారు. లావుపాటి పుస్తకం చదివినా మాకు అర్థం కానిది ఆ ఒక్క మాటతో అర్థమైంది.

బస్సుకు 'ఆన్' అంటారు, కారుకు 'ఇన్' అంటారు, ఎందుకని ఒకరోజు టీచరే అడిగారు. ఎవరికి తోచింది వాళ్లం చెప్పాం. "బస్సుల లేచి నడుస్తవు. కారుల నడుస్తవా? వంగి లోపలికి దూరి కూసోవాలె. గందుకే" అన్నారు. వెనక బల్ల నుంచి డ్రైవర్ అన్న చెయ్యెత్తాడు. "మరి ఆటోల బయటికి వేలాడుకుంట పోతరు గద టీచర్, దానికేమనాలె?"

"అది ప్రిపొజిషన్ కాదు బిడ్డా, ప్రమాదం!"

నవ్వినప్పుడు ఆమె కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకునేవారు. పక్కన చాయ్ ఎప్పుడూ చల్లారిపోయే ఉండేది. పుస్తకం కన్నా చెవిని ఎక్కువ నమ్మేవారు. టీవీలో వార్తలు చదివేవాళ్లు ఏమంటున్నారు, ఆరాంఘర్ చౌరస్తాలో బస్సు దిగిన ఆఫీసర్లు ఫోన్లో ఏమంటున్నారు, విని రమ్మనేవారు. విన్న మాట తెచ్చి చెబితే "ఎవరన్నరు? ఏడ అన్నరు? ఎవరితోని?" అని కూర్చోబెట్టి అడిగేవారు. కొన్ని మాటలు కొన్నిటితోనే జతకడతాయని, 'డిపెండ్' వెంట 'ఆన్' వస్తుందని, 'గుడ్' వెంట 'ఎట్' వస్తుందని, కారణం వెతికే కన్నా పదిమంది నోట వింటేనే నాలుక మీద నిలుస్తుందని ఆమె నమ్మకం.

ఒక సాయంత్రం నా అనుమానం బయటపెట్టాను. 'డిస్కస్' అంటేనే ఒకదాని గురించి మాట్లాడుకోవడం కాబట్టి దాని తర్వాత 'అబౌట్' పెట్టకూడదని గ్రామర్ పుస్తకంలో ఉంది. మా కాలేజీ ప్రిన్సిపాల్ పెడతాడు. బ్యాంకు మేనేజర్ పెడతాడు. టీవీలో మంత్రులూ పెడతారు. మరి ఏది నిజం?

ఆమె ముఖం వెలిగిపోయింది. "పుస్తకంల తప్పే. కానీ మన దేశంల ఇంతమంది అంటున్నంక, అందరికీ సమజైతున్నంక, అది తప్పు కాదు బిడ్డా. మాట మధ్యల భయపడి ఆగుతవు సూడు, గదే తప్పు. నువ్వు ఆగకు."

ఆ రోజు ఇంటికి నడిచి వెళుతుంటే ఒళ్లు తేలికైపోయింది. మేం మాట్లాడేది కూడా ఇంగ్లీషేనని ఒక పెద్దమనిషి ఒప్పుకోవడం నా బతుకులో అదే మొదలు.

కొన్నాళ్లకు విమానాశ్రయంలో ప్రయాణికులకు సాయం చేసే ఉద్యోగాలకు ఒక కంపెనీ మనుషులను తీసుకుంటోందని తెలిసింది. టీచర్‌ను అప్పటికే వాళ్లు శిక్షణ ఇవ్వడానికి పెట్టుకున్నారు. నా పేరు ఆమే చెప్పారు. "లోపల నేను ఉంట గద, భయమేంది?" అన్నారు.

ఇంటర్వ్యూ గదిలో వేరే ఊరి నుంచి వచ్చిన పెద్ద ఆఫీసరు, ఆయన పక్కన టీచర్. మొదట అంతా బాగానే సాగింది. విమానం తప్పిపోయిన ప్రయాణికుడు కేకలేస్తుంటే ఏం చేస్తావని ఆయన అడిగాడు. ముందు ఆ ప్రయాణికుడు చెప్పేది వింటాను, ఆ తర్వాత వచ్చే విమానం గురించి మాట్లాడుకుంటాం అన్నాను. అక్కడ 'డిస్కస్ అబౌట్' అన్నాను.

ఆఫీసరు చెయ్యెత్తి ఆపాడు. "డిస్కస్ అబౌట్?" అని సాగదీసి నవ్వాడు. టీచర్ వైపు తిరిగి, మీరు నేర్పేది ఇదేనా మేడమ్, అని ఇంగ్లీషులో అడిగాడు.

నాకు భయం వేయలేదు. నిజం చెప్పాలంటే ధైర్యం వచ్చింది. ఈ ప్రశ్నకు జవాబు చెప్పగల మనిషి ఈ గదిలోనే ఉంది కదా అనుకున్నాను. ఆమె వైపు చూశాను. ఆమె నీళ్ల గ్లాసు వైపు చూస్తున్నారు.

"నో సర్. ఐ హావ్ టోల్డ్ హర్ మెనీ టైమ్స్."

అది తప్పని ఎన్నోసార్లు చెప్పారట. నేనే వినలేదట.

ఆ తర్వాత నా నోరు నాది కాలేదు. ఏ మాట ముందు ఏ మాట పెట్టాలో ప్రతిచోటా అనుమానమే. మాటమాటకూ ఆగాను. ఆగకు అన్న మనిషి ఎదురుగా కూర్చుని చూస్తుండగానే ఆగాను.

బయట బాపు గోదాము డ్యూటీ వదులుకుని వచ్చి చెట్టు కింద నిలబడి ఉన్నాడు.

"ఏమాయె బిడ్డా?"

"రాలే బాపు."

"అదేంది? లోపట టీచర్ ఉండె గద?"

"ఉండె" అన్నాను. ఆమె గురించి చెడ్డ మాట చెబితే బాపు నమ్మేవాడు కాదు.

మళ్లీ ఆ ముందుగదిలో అడుగు పెట్టలేదు. ఆమె కబురు పంపినా పోలేదు. చాలా తిరిగాక ఈ హోటల్‌లో పని దొరికింది. ఆ కంపెనీ ఆమెను కూడా ఎక్కువ కాలం ఉంచుకోలేదని ఎవరో చెప్పారు. వింటే సంతోషం కలుగుతుందనుకున్నాను. కలగలేదు.

పోయినేడు ఎండాకాలం ఆమే హోటల్‌కు వచ్చారు. బాగా చిక్కిపోయారు. నేను గెస్టులను పలకరించినట్టే ఇంగ్లీషులో, మీకేం సాయం చేయగలను మేడమ్, అన్నాను. ఆమె ముఖం వాడిపోయింది.

"నా మీద కోపమున్నదని ఎరుకే బిడ్డా. ఆ గదిల నాకు భయమైంది. గా సారు ముందట నేను గూడ ఒక పల్లెటూరి పంతులమ్మనే. తప్పు కాదంటె నన్నే తీసేస్తడనుకున్న."

"తప్పని అంటె అన్నరు టీచర్. అంతవరకైతె నేను గూడ సమజు చేసుకుందు. ఎన్నోసార్లు చెప్పిన అని ఎందుకన్నరు?"

"అదే నన్ను తింటున్నది" అన్నారు ఆమె. క్షమించమని అడగలేదు. పోనివ్వండి టీచర్ అని నేనూ అనలేదు. ఇప్పుడైనా ఆ మాట నా నోటికి రావడం లేదు. నాకు నోరిచ్చిన మనిషీ, ఆ నోరు నొక్కిన మనిషీ ఒకరే. ఇందులో ఒకదాన్ని మరిచిపోయి ఇంకోదాన్ని తలుచుకోవడం నాకు చేతకాదు.

మధ్యాహ్నం సమాధుల దగ్గరికి చేరేసరికి వాన మొదలైంది. ఆమె ఎందరికో బతుకుదారి చూపించిందని పాస్టరు గారు చెబుతుంటే డ్రైవర్లు కళ్లు తుడుచుకున్నారు. నాకు ఏడుపు రాలేదు. మట్టి పోసేటప్పటికి జల్లు పెద్దదైంది. గుంతలోకి నీళ్లు దిగుతున్నాయని ఎవరో నీలం టార్పాలిన్ పరిచి పైకెత్తారు. మూడు మూలలు మూడు చేతుల్లో ఉన్నాయి. నాలుగోది వేలాడుతోంది.

"చెల్లె, జర గా మూల పట్టుకో" అన్నాడు డ్రైవర్ అన్న.

పట్టుకున్నాను. కింద పారలతో మట్టి లాగుతున్న చప్పుడు. పైన టార్పాలిన్ నీళ్లు నిండి బరువుకు మధ్యలో కిందికి కుంగుతోంది. మోచేతి వరకూ చన్నీళ్లు కారుతున్నా, భుజం లాగేస్తున్నా, గుంత పూర్తిగా పూడేదాకా నా మూల నేను వదల్లేదు.