ఎండిపోయిందని చెప్పాను

ఏళ్ళ తరబడి ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. దానివల్ల ఎవరూ చావలేదు, ఎవరి కొంపా కూలలేదు. అంత అల్పమైనది. అందుకే ఎవరికీ చెప్పుకోలేకపోయాను. హంతకుడికైనా ఒక గాంభీర్యం ఉంటుంది, నాకు అదీ లేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి చెబుతున్నాను.

సిడ్నీలో చదువుకునే రోజుల్లో పెండిల్ హిల్‌లో నేనూ డానియేలూ ఒకే గదిలో ఉండేవాళ్ళం. వాడిది తెనాలి. చిన్నప్పుడు పాఠంలో విక్టోరియా జలపాతం బొమ్మ చూశాడట, ఎప్పటికైనా అక్కడికి వెళ్ళాలని పిచ్చి. యూనివర్సిటీకి వెళ్ళే రైల్లోనూ అదే మాట. వాడి సంబరం చూస్తే నాకు ఒళ్ళు మండేది. చెట్టు పూస్తే దేవుని మహిమ, బస్సు దొరికితే దేవుని మహిమ. ఇంత తేలిగ్గా పొంగిపోయేవాణ్ణి మనిషిగా ఎలా లెక్కవేయడం?

అయినా వాడితో ఆఫ్రికాకి వెళ్ళాను. జొహానెస్‌బర్గ్ నుంచి బస్సులు మారి జలపాతానికి జాంబియా వైపున్న ఊరు చేరేసరికి వాడికి జ్వరం. ముందు నన్ను వెళ్ళి చూసి రమ్మన్నాడు.

వానల్లేని కాలం. మేమున్న వైపు వట్టి నల్లరాయి. నవ్వొచ్చింది. వంతెన దాటి జింబాబ్వే వైపు వెళితే నీళ్ళుంటాయని ఎవరో అన్నారు. వెళ్ళాను.

జలపాతం తుంపర్లకు వానకోట్లు తొడుక్కుని కేకలు పెడుతున్న జనాన్ని ఈసడించుకుంటూ నిలబడ్డవాణ్ణి, కాసేపటికి నేనే ఏడుస్తున్నాను. ఎందుకు? ఇప్పటికీ తెలియదు. రేపు డానియేలు ఇక్కడే చేతులెత్తి ఏడుస్తాడు, దానికి సిగ్గు కూడా పడడు అనిపించింది. అది భరించలేకపోయాను. బట్టలు ఆరేదాకా ఎండలో కూర్చున్నాను. అంటే ఆ అబద్ధం నోరుజారి వచ్చింది కాదు. ఆరబెట్టుకుని మరీ తెచ్చాను.

గదికి రాగానే వాడు లేచి కూర్చున్నాడు.

“ఎట్టా ఉందిరా?”

“ఎండిపోయింది. వట్టి రాళ్ళు.”

“అసలు నీళ్ళే లేవా?”

“చుక్క లేదు. టైమ్ వేస్ట్. పొద్దున్నే బస్సెక్కేద్దాం.”

వాడు గోడవైపు తిరిగి పడుకున్నాడు. కాసేపయ్యాక, “సారీ రా, నిన్ను ఇంత దూరం లాక్కొచ్చాను” అన్నాడు.

బస్సు కదిలేదాకా చెప్పే అవకాశం ఉంది. చెప్పలేదు.

సిడ్నీకి తిరిగొచ్చాక క్వేకర్స్ హిల్‌లో చర్చివాళ్ళ బార్బెక్యూ విందులో ఒక అంకుల్ వాణ్ణి పట్టుకున్నాడు. “ఏమయ్యా, ఫాల్స్‌కని వెళ్ళి రాక్స్ చూసొచ్చారంట? సీజన్ చెక్ చేసుకోవద్దూ?” అందరూ నవ్వారు. పనికిమాలిన మంద. మాంసం ముక్క నములుతూ నేనూ నవ్వాను. వాడొక్కడే, “నాదే తప్పు అంకుల్. పాపం, వీడు ఎండన పడి వెళ్ళొచ్చాడు” అన్నాడు.

ఇప్పుడు పెర్త్‌లో ఉంటున్నాడు. మళ్ళీ ఆ వైపు వెళ్ళలేదు. ఫోన్లో ఆ ప్రయాణం మాట వస్తే, అంత దూరం వచ్చి నేనేమీ చూడలేకపోయానని నామీద ఇంకా జాలిపడతాడు. ఆ జాలిని ప్రతిసారీ పుచ్చుకుంటున్నాను. అవతలి వైపు నీళ్ళుంటాయని ఇన్నేళ్ళలో వాడికి తెలియకుండా ఉంటుందా? తెలిసీ అడగలేదా? అలా అయితే, నాకు వాడిమీదే కోపం వస్తుంది. చూడండి, నేనెలాంటివాణ్ణో.

క్షమించమని అడగను. వాడికే చెప్పలేనివాడికి మిమ్మల్ని అడిగే ముఖం లేదు. ఆరోజు నీళ్ళున్నాయి, నేను చూశాను అని ఒక్కసారి రాయాలనిపించింది. రాశాను. హాయిగా ఉంది. ఆ హాయి కూడా నాకు రోతగానే ఉంది.