హన్మాండ్లు పోసిన నూనె

దోహాలో మా షూటింగ్ క్లబ్బు ఆయుధాల గదిలో పన్నెండేళ్ళు పిస్తోళ్ళు తుడిచినవాడు హన్మాండ్లు. జగిత్యాల వైపు పల్లె. క్లబ్బు గోడలు కట్టడానికొచ్చి ఎండకు కళ్ళు తిరిగి పడిపోతే, ఆ గదికి సూపర్‌వైజర్నైన నేనే లోపలికి తెచ్చుకున్నాను. పని నేర్పింది కూడా నేనే. "నూనె దగ్గర పిసినారితనం చెయ్యకు. పుష్కలంగా పోస్తేనే ఇనుము మాట వింటుంది" అని మొదటిరోజే గొప్పలు పోయాను.

పొద్దున నేను రాగానే చాయ్, గుబ్బూస్ రొట్టె ముందుపెట్టి, "తినుండ్రి సుధాకరరావు సార్, సల్లగైతది" అనేవాడు. ఇంట్లో తినొచ్చానన్నా వింటేనా మహానుభావుడు! ఆ చాయ్ తలుచుకుంటే ఇప్పటికీ ప్రాణం లాగేస్తుంది.

నిరుడు చప్పుడెక్కువైందని పక్క విల్లాల వాళ్ళు గొడవ చేస్తే, చిన్న పిస్తోళ్ళకు సైలెన్సర్లు బిగించారు. మూడు నెలలు తిరక్కుండానే అవి మొరాయించాయి. ట్రిగ్గర్ నొక్కితే టక్‌మనడమే, తూటా పేలదు. కొత్త మేనేజర్ గౌహర్‌కు ఒళ్ళు మండింది. తప్పు తుడిచేవాడిదని తేలితే ఇంటికి పంపేస్తానన్నాడు.

"తూటాలే నాసిరకమని రాసి పారేద్దాం" అన్నాను హన్మాండ్లుతో.

"ఆగుండ్రి సార్, సూద్దాం" అన్నాడు.

అదే డబ్బాలోని తూటాలు సైలెన్సర్ లేని పిస్తోలులో పెట్టి కాల్పించాడు. యాభైకి యాభై పేలాయి. ఇక మొరాయించినదాన్ని విప్పి, తూటా కూర్చునే గదిలోకి టార్చి వేశాడు. సైలెన్సర్ వెనక్కి తన్నిన మసి, మేం పోసిన నూనెతో కలిసి కాటుకలా పేరుకుపోయింది. తూటా పూర్తిగా లోపలికి దిగడంలేదు. వెనక నుంచి కొట్టి తూటాను పేల్చే సూది దెబ్బంతా దాన్ని లోపలికి నెట్టడానికే సరిపోతోంది. పొడిగుడ్డతో శుభ్రంగా తుడిచాక, అదీ టపటపా పేలింది.

గౌహర్ వచ్చి చూసి, "ఇత్నా తేల్ డాల్నా కిస్నే సిఖాయా?" అని గద్దించాడు, ఇంత నూనె పొయ్యమని నేర్పిందెవరని.

హన్మాండ్లు నావైపు చూశాడు. నేను చేతిలో కాగితాలు తిరగేశాను. నా ముఖం మండ, అందులో చదవడానికేముందని!

"మేరీచ్ గల్తీ సాబ్" అని చివరికి తప్పు తనమీదే వేసుకున్నాడు. గౌహర్ అన్నంత పనీ చేశాడు.

విమానాశ్రయానికి నా కారులోనే తీసుకెళ్ళాను. కారు ఆపాక ఉండబట్టలేక, "నా పేరెందుకు చెప్పలేదయ్యా?" అని అడిగాను.

కోపంగా అన్నా బాగుండేది. పెట్టె దించుకుంటూ మామూలుగానే అన్నాడు.

"మీరే సెప్తరేమోనని జెర్రసేపు ఆగిన సార్."