టీచరమ్మ ప్రార్థనకు నేను అడ్డుపడిన నాడు

మా టీచరమ్మ పోయారని మొన్న మంగళవారం పొద్దున ఆఫీసులో ఉండగా తెలిసింది. పదకొండో అంతస్తులో మీటింగ్ నడుస్తోంది. బల్ల కింద ఫోన్ తెరిచి చూస్తే మా చర్చి సంఘం గ్రూపులో ఒకే వాక్యం, ప్రభువునందు నిద్రించారని. అంతలో నా వంతు వచ్చింది. నిన్న చేసిన పని, ఇవాళ చేయబోయే పని చెప్పాను. గొంతు మామూలుగానే పలికింది. అందుకు నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంది. తర్వాత లిఫ్టులో కిందికి దిగి, క్యాబుల వరస పక్కన నిలబడి ఏడ్చాను.

బోరబండలో నేను పెరిగిన గల్లీలోనే ఆమె ఇల్లు. సర్కారు బడిలో లెక్కలు చెప్పేవారు. ఆదివారం మా రేకుల గుడిలో పిల్లలకు వాక్యం చెప్పేవారు. లెక్క తప్పితే ఊరుకునేవారు కాదు గాని, వాక్యం మీద ఎంత పిచ్చి ప్రశ్న వేసినా కసురుకోలేదు. తెలియనిది అడిగితే "నాకు తెల్వదు బిడ్డా, కనుక్కొని చెప్త" అనేవారు. మనం మరిచిపోయాక, ఏ రెండు నెలలకో కూరగాయల బండి దగ్గర ఆపి జవాబు చెప్పేవారు. అది కూడా "నాకు తెలిసినంతల గిట్ల" అని మొదలుపెట్టి. నల్లబల్ల మీద రంగు సుద్దలతో యెరూషలేము, గలిలయ, యొర్దాను గీసేవారు. మా గల్లీ పిల్లలకు చార్మినార్ కంటే ముందు యొర్దాను నది తెలుసు.

ఆమెకొక గట్టి నమ్మకం ఉండేది. చెదిరిపోయిన యూదులు మళ్లీ ఆ దేశానికి చేరుకోవడం ప్రవచన నెరవేర్పని, ఇజ్రాయెల్ కోసం ప్రార్థించడం విశ్వాసి బాధ్యతని. మా సంఘమంతటిదీ అదే మాట. ఉద్యోగంలో చేరి నాలుగు పుస్తకాలు చదివేదాకా నాదీ అదే. ఆ నేల మీద తరతరాలుగా పాలస్తీనా క్రైస్తవులు ఉన్నారని, యూదులకు అక్కడ సొంత దేశం ఉండాలనే జియోనిజం గురించి క్రైస్తవులలోనే పెద్ద వాదం ఉందని నాకు ముప్పై ఏళ్లకు తెలిసింది. ఆలస్యంగా తెలిసిన సంగతి మీద మనిషికి ఎంత పొగరుంటుందో మీరూ చూసే ఉంటారు.

గాజాలో యుద్ధం నడుస్తున్న రోజులు. నల్లగండ్లలో మా ఫ్లాటులో శనివారం ప్రార్థన కూడిక పెట్టుకున్నాం. టీచరమ్మ బోరబండలో రైలెక్కి, లింగంపల్లిలో దిగి, ఆటోలో వచ్చారు. కళ్లు మూసుకుని ఇజ్రాయెల్ విజయం కోసం ప్రార్థిస్తున్నారు. ముందురోజు ఫోన్‌లో నేనొక ఫోటో చూశాను. తల నుంచి కాళ్ల దాకా దుమ్ములో మునిగిన ఒక పసిపాప. ఇక ఆగలేకపోయాను.

"ఆ పిల్లల కోసం ఎవరు ప్రార్థన చెయ్యాలె టీచరమ్మా? వాళ్లు దేవుని పిల్లలు కాదా? చిన్నప్పటి సంది మీరు మాకు మనుషులు లేని పటం గీసి చూపిచ్చిన్రు."

ఆమె కళ్లు తెరిచి నన్ను చూశారు. పెట్టిన చాయ్ ముట్టలేదు. "రైలు టైం అయితుంది" అని చెప్పులు వేసుకున్నారు. స్టేషను దాకా దింపడానికి కూడా నేను లేవలేదు.

మూడు నెలలు మాటల్లేవు. నేనన్నది నిజమే కదా, నిజం చెప్పాక ఇంకేం చేయాలని అనుకున్నాను. ఒకరోజు ఆమే ఫోన్ చేశారు.

"బిడ్డా, నువ్వు చదివినవి నాకు చదివి వినిపిస్తవా? కంట్ల పొర వచ్చింది, అక్షరాలు కనిపిస్తలేవు."

ఐదారు శనివారాలు బోరబండ వెళ్లాను. ఆమె మంచం మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తూ వినేవారు. నేను తొందరగా దాటేసిన చోటల్లా ఆపేవారు. ఐరోపాలో యూదులను చంపిన సంగతి వచ్చినప్పుడు గబగబా చదివేస్తే, "గక్కడ ఉరకకు. వాళ్లు గూడ మనుషులే గద" అన్నారు.

ఒకరోజు అడిగాను. "ఇంత విన్నంక గూడ మీ నమ్మకం మారలేదా?"

ఆమె చేతులు ఆగాయి. "నీకు తెల్వది. నాకొక ఆడపిల్ల ఉండె. నాలుగేండ్లకే జ్వరమొచ్చి పోయింది. దేవుడు మాట తప్పడు, మల్ల చూపిస్తడు అనుకుంటనే మట్టిల పెట్టొచ్చిన. ఆ నేల మీకిస్తనని యూదుల పితరులకిచ్చిన మాటే ఆయన పక్కకు పెట్టిండంటే, నాకిచ్చిన మాటకు దిక్కేంది బిడ్డా?"

పుస్తకాల్లో దానికి జవాబులున్నాయి. నేను చేతిలోని పుస్తకం మూసి, ఆమె ముందున్న చింతపండులో గింజలు తీయడం మొదలుపెట్టాను.

ఆమే మళ్లీ అందుకున్నారు. "నేను తప్పయి ఉండొచ్చు. నువ్వు గూడ తప్పయి ఉండొచ్చు. దేవుని మనసంత నాకు తెలుసని ఎట్లంట? ఆ తల్లులైతే పిల్లల్ని మట్టిల పెడుతుండ్రు. గది నాకు ఎరుకే."

తర్వాతి ఆదివారం గుడిలో ఆమె ఎప్పటిలాగే ఇజ్రాయెల్ కోసం, బందీలుగా ఉన్నవారి కోసం ప్రార్థించారు. వెంటనే గాజా తల్లుల కోసం కూడా ప్రార్థించారు. ఆఖరున, "నాకు అర్థం కానిది అర్థమైనట్టు నీ ముందట మాట్లాడి ఉంటే క్షమించు తండ్రీ" అన్నారు.

మా సంఘ పెద్దకు అది నచ్చలేదు. "అక్కా, పిల్లల మనసు అటు ఇటు చెయ్యకు. ఇగ జర రెస్టు తీసుకో" అని ఆ వారమే ఆదివారం బడి ఇంకొకరికి అప్పగించారు. నాకు అక్షరాలు రాకముందు నుంచీ ఆమె చేస్తున్న పని అది. నేను ఆయన మీదికి పోబోతుంటే ఆమె చెయ్యి పట్టి ఆపారు.

"నా మీద ఒర్రినట్టు ఆయన మీద ఒర్రకు. నాకు మూడు నెలలు పట్టింది. ఆయనకు ఎన్నేండ్లు పడ్తదో. జర టైం ఇయ్యి."

ఆ మాట నాకు కూడా తగిలిందని ఇంటికి చేరాక గాని తెలియలేదు. ఆనాటి నా మాటలకు క్షమించమని అడగాలనుకున్నాను. కంటి ఆపరేషన్ కానీ అనుకున్నాను. తర్వాత, నా ప్రాజెక్టు ఒడ్డున పడనీ అనుకున్నాను. ఆదివారాలు ఆమె వెనక వరసలో కూర్చునేవారు. పక్క గదిలో పిల్లలు పాడుతుంటే పెదవులు మాత్రం కదిలేవి. అది చూసి కూడా అడగలేదు. ఆ దేశం గురించి నా అభిప్రాయం ఇప్పటికీ మారలేదు. ఆమెదీ చివరిదాకా మారలేదు. ఆమెను ఆ రోజు ఒంటరిగా స్టేషనుకు పంపిన మనిషిని మాత్రం నేనే.

సమాధుల తోటలో సంఘ పెద్ద ప్రార్థన అందుకుని, రెండు మాటలకే ఆగిపోయారు. పాస్టరుగారు పూర్తి చేశారు. అందరం గుప్పెడేసి మట్టి వేశాం. అంతా వెళ్లిపోయాక గేటు పక్కన నల్లా దగ్గర సంఘ పెద్దా నేనూ మిగిలాం. వత్తి పట్టుకుంటే తప్ప నీళ్లు రాని నల్లా అది. నేను చేతుల నిండా మట్టితో నిలబడి ఉంటే, ఆయన ముందుకు వచ్చి వత్తి పట్టుకున్నారు. నా చేతులు శుభ్రమయ్యేదాకా పట్టుకున్నారు. తర్వాత నేను పట్టుకున్నాను. ఆయన తల వంచుకుని కడుక్కుంటూనే ఉన్నారు. మట్టి ఎప్పుడో పోయింది. నేను నల్లా వదల్లేదు.