పెటాంగ్ తొమ్మిది పూజలు

కొండ కింది ఊరు నగ్‌కార్లాన్‌లో బట్టలు కుట్టే పెటాంగ్‌కు ఎండాకాలమంటే ప్రాణం. ఏప్రిల్ ఎండకు ఊరంతా ఉస్సురంటుంటే ఆమె ఒక్కతే హాయిగా మిషను తొక్కుకుంటుంది. జూన్ వానలకు గోడలు చెమ్మగిల్లి బూజు పడితే ఛాతీలో కాస్త గురగుర. అసలు గండం డిసెంబరులో. అమిహాన్ అనే చలిగాలి కొండ దిగి, తెల్లవారుజామున ఊరిని వణికిస్తుంది. క్రిస్మస్ ముందు చర్చిలో జరిగే తొమ్మిది రోజుల పూజలూ సరిగ్గా ఆ వేళకే. ఒక్కటీ తప్పకుండా వింటే కోరిక తీరుతుందని అందరి నమ్మకం.

పెటాంగ్ కోరికల్లా ఈ ఉబ్బసం వదిలిపోవాలనే. అది పోవాలంటే పూజలు పూర్తిచేయాలి. పూజలకని చలిలో వెళ్తే ఉబ్బసం రేగుతుంది. పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు. ముప్ఫై ఏళ్లలో ఆమె ఆరో పూజ దాటిన పాపాన పోలేదు.

ఫాదరు పుణ్యమా అని, తెల్లవారుజామున రాలేనివాళ్లకు ముందురోజు సాయంత్రం పూజ కూడా పెట్టారు, అదీ లెక్కలోకే వస్తుంది. కానీ చర్చి ముందు బిబింగ్కా రొట్టెలు కాల్చి అమ్మే ఆడపడుచు ఓరెంగ్ నోటికి జడిసి పెటాంగ్ అటు పోలేదు.

"సాయంత్రం పూజ బద్ధకస్తులకు వదినా. ఎవరు పొద్దున్నే లేచారో దేవుడికి తెలీదా ఏంటి?" అనేది ఓరెంగ్.

పోయిన ఏడు ఐదో రోజున పెటాంగ్ పూజ మధ్యలో దగ్గుకుంటూ బయటికొచ్చి ఓరెంగ్ పొయ్యి పక్కనే కూలబడింది. మంచులో పొగ పైకి పోక అక్కడే కమ్ముకుని ఉంది.

"అప్పుడే అయిపోయిందా నీ భక్తి?" అంటూ తలెత్తిన ఓరెంగ్‌కు వదిన పెదవులు నీలంగా కనిపించాయి. పొయ్యి మీద రొట్టెలు మాడనిచ్చి, ఆమెను ట్రైసికిల్ ఆటోలో వేసుకుని ఆసుపత్రికి పరుగు తీసింది. మూతికి మాస్కు పెట్టి మందు పట్టించాక గానీ పెటాంగ్‌కు ఊపిరి కుదుటపడలేదు. అంతసేపూ పక్కన కూర్చుని ఓరెంగ్ కుమిలిపోయింది.

ఈ ఏడు మొదటి సాయంత్రం ఓరెంగే గుమ్మంలో నిలబడింది. "లే వదినా, పూజకు పోదాం."

"బద్ధకస్తుల పూజకా?"

"కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం. తెలిసొచ్చిందిలే, పద."

పగటి వేడి ఇంకా గోడల్లోనే ఉంటుంది ఆ వేళకి. ఆసుపత్రి నర్సు చెప్పినట్టు రెండు పూటలా ఇన్‌హేలరు పీల్చుకుంటూ పెటాంగ్ ఐదు దాటింది, ఆరు దాటింది. ఏడో రోజు నుంచి భయంతో అన్నం సయించలేదు. తొమ్మిదో సాయంత్రం పాటలన్నీ గొంతెత్తి పాడింది. ఛాతీలో పిల్లికూతల జాడే లేదు.

తిరిగి వస్తుంటే ఓరెంగ్ అడిగింది. "కోరిక బయటికి చెప్పకూడదులే. ఉబ్బసం సంగతేగా?"

పెటాంగ్ నడక ఆపేసింది. "అడగలేదే."

"ఏంటీ?"

"మర్చిపోయానే. ఊపిరి చక్కగా ఆడుతుంటే పాడుతూ ఉండిపోయా. అదొకటి అడగాలని గుర్తే రాలేదు."

"ముప్ఫై ఏళ్లు పడిగాపులు కాసి, తీరా ఆయన ముందుకెళ్లి మర్చిపోయావా? నీలాంటిదాన్ని దేవుడు కూడా ఏం చేయలేడు వదినా."

నవ్వితే దగ్గొస్తుందని ఏళ్ల తరబడి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్న మనిషి, నడివీధిలో నిలబడి పగలబడి నవ్వింది. దగ్గు రాలేదు.