పందొమ్మిదో ఆల్బమ్

జర్మనీలోని బోఖుమ్‌లో ట్రామ్ నడిపి రిటైరైన ఎక్కెహార్ట్‌కి కోలెన్‌వోల్ఫ్ అనే రాక్ బ్యాండంటే ప్రాణం. అయినా వాళ్ల కొత్త ఆల్బమ్ ఏదొచ్చినా తిట్టిపోసేవాడు. నాలుగోదానిలో డ్రమ్ములు రేకుడబ్బాల్లా మోగాయన్నాడు. ఐదోది రాగానే పబ్బులో గ్లాసు బల్లకేసి కొట్టి, "నాలుగోదిరా అసలు ఆల్బమంటే. ఇవేం పాటలు, నా మొహం," అన్నాడు. తొమ్మిదోదానిలో గాయకుడు మారితే, వీడికి జలుబు చేసిందా అని వెక్కిరించాడు. పదోది వచ్చాక ఆ గొంతునే ఆకాశానికెత్తాడు.

ఏనాడూ ఉతకని అతని జీన్స్ కోటుదీ ఇదే తంతు. ప్రతి ఆల్బమ్‌కీ దాని పేరున్న గుడ్డ బిళ్ల ఒకటి కోటు మీద కుట్టుకుంటాడు. కాకపోతే తర్వాతి ఆల్బమ్ వచ్చిన రోజునే. అంతవరకూ పాతది మంచిదని తేలదు మరి.

మొన్న శుక్రవారం పందొమ్మిదోది వచ్చింది. విన్నంతసేపూ మూతి ముడుచుకుని, "ఉత్త చప్పిడి కూడు. పద్దెనిమిదోది ఎక్కడ, ఇదెక్కడ," అంటూ సూదిలో దారం ఎక్కించాడు.

"పద్దెనిమిదోదాన్ని చెత్తబుట్టలో వెయ్యమన్నది నువ్వే కదయ్యా," అంది భార్య రోస్వితా, కొత్త ఆల్బమ్ అట్ట తిప్పి చదువుతూ. "సర్లే, ఇదే ఆఖరిదట. ఇక సెలవు అని రాశారు."

ఎక్కెహార్ట్ చేతిలో సూది ఆగిపోయింది. కోటు వీపు మీద మిగిలిన జానెడు ఖాళీ వంక చూశాడు.

"సెలవేంటే? కాగితం, పెన్నూ ఇలా తే. వాళ్లకి ఉత్తరం రాయాలి."

"ఏమని?"

"ఇంకొకటి చెయ్యమని. అది రాకపోతే ఇది బాగయ్యేదెప్పుడు?"