పోతానన్నవాడికి పైపు

1955 వేసవిలో నన్ను కడప జిల్లా బద్వేలు వైపు ఒక పెద్ద పంచాయతీకి ఎగ్జిక్యూటివ్ ఆఫీసరుగా వేశారు. ఊరి పేరు ఎందుకులెండి, ఆ మనుషుల పిల్లలు ఇంకా అక్కడే ఉన్నారు. ఎగ్జిక్యూటివ్ ఆఫీసరంటే పెద్ద హోదా అనుకునేరు. నిర్ణయాలన్నీ ఎన్నికైన బోర్డువి. బోర్డు ముందుకొచ్చే ప్రతి విషయం మీదా ఆఫీసు నోట్ రాయడం, వాళ్ళు చేసిన తీర్మానాన్ని అమలు చేయడం, ఇంతే నా పని. కాకపోతే సభ్యులు చాలామంది నోట్‌లో ఆఖరి పేరా తప్ప చదివేవారు కాదు. ఆ పేరా రాసేవాడికి కొంత బలం ఉండేది. అది నాకు తెలుసు, కొంచెం గర్వం కూడా ఉండేది.

ఊరికి వాగు ఒడ్డున ఒక బావి, దానికి ఆయిల్ ఇంజను, మిట్ట మీద ఒక ట్యాంకు. పొద్దున రెండు గంటలు, సాయంత్రం ఒక గంట కొళాయిలకు నీళ్ళు వదిలేవాళ్ళం. ఊళ్ళో మిగతా బావులన్నీ ఉప్పు నీళ్ళే. నూలుకు రంగు వేసేవాళ్ళకు అదొక పెద్ద తంటా. రంగు పట్టిన నూలును మంచినీళ్ళలో మూడు నాలుగు సార్లు జాడించాలి. ఉప్పు నీళ్ళు తగిలితే రంగు ఒకచోట చిక్కగా, ఒకచోట పలచగా తేలి మచ్చలు పడతాయి. అటువంటి నూలును నేతగాడు ముట్టుకోడు.

ఆ పని చేసేవాళ్ళు ఊళ్ళో ఇద్దరు. ఒకరు సుబ్బారెడ్డి, భూములున్న కుటుంబం, ముప్పైమంది కూలీలతో కార్ఖానా నడిపేవాడు. రెండోవాడు మస్తాన్. చివరి వీధిలో ఇంటి పెరట్లోనే రెండు రంగు కాగులు పెట్టుకొని భార్య, తల్లి, తమ్ముడితో కలిసి చేసుకునేవాడు. ఇద్దరికీ పంచాయతీ లైసెన్సు ఉంది, ఇద్దరికీ కొళాయి ఉంది.

నేను చేరిన మరుసటి ఏడు సుబ్బారెడ్డి బోర్డుకు ఉత్తరం రాశాడు. ట్యాంకు నుంచి నేరుగా తనకు వేరే పైపు వేయాలి, మూడేళ్ళపాటు నీటి పన్ను, లైసెన్సు ఫీజు మాఫీ చేయాలి, లేకపోతే కార్ఖానాను ప్రొద్దుటూరికి ఎత్తేస్తాను అని. ప్రెసిడెంటు గారు ఆ కాగితం పట్టుకొని నా గదికే వచ్చారు.

“ముప్పై ఇండ్లప్పా! ఆయన పాయెనంటే వాళ్ళంతా వచ్చి నా వాకిట్లో కూర్చుంటారు. నోట్ గట్టిగా రాయి,” అన్నారు.

గట్టిగానే రాశాను. కార్ఖానాకు స్వయంగా వెళ్ళి హాజరు పట్టీ చూసి, కూలీల పేర్లన్నీ నోట్‌కు జతపరిచాను. ఆఖరి పేరాలో, వ్యాపారం తరలిపోతే ఊరికి కలిగే నష్టం దృష్ట్యా రాయితీ సమంజసం అన్నాను. మస్తాన్ గురించి ఒక్క ముక్క లేదు. కావాలని వదిలేశానా అంటే, లేదు. అతను ఉత్తరం రాయలేదు. పెళ్ళానికీ తల్లికీ ఎవరూ హాజరు వేయరు. ఆఫీసు కంటికి అతను ఆనలేదు. తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది, నెల తిరక్కుండా పైపు పడింది.

రెండు నెలలకు మస్తాన్ ఆఫీసుకు వచ్చాడు. నలభై ఏళ్ళ మనిషి, ఎంత కడిగినా గోళ్ళలో నీలం పోయేది కాదు. కూర్చోమన్నా కూర్చోలేదు. చంకలోని సంచిలోంచి ఒక నూలు కట్ట తీసి నా బల్ల మీద పరిచాడు. ఎర్ర నూలు. మధ్యమధ్య పాలిపోయి బొల్లి వచ్చినట్టుంది.

“కొళాయిలో నీళ్ళు శానా సన్నగా వస్తాండాయి సార్. కాగు నిండకముందే నిల్చిపోతాండాయి. బాయి నీళ్ళతో జాడిస్తే ఇట్లాయె. నేతోళ్ళు వాపసు ఇచ్చేసినారు.”

తీర్మానం సంగతి, ముప్పైమంది కూలీల సంగతి చెప్పాను. ఓపిగ్గా విన్నాడు.

“రెడ్డి పోతాననె, పైపు ఇస్తిరి. నేను పోతానని ఎప్పుడూ అనలేదు. నేను గూడా కాయితం రాసింటే ఇచ్చింటారా సార్?”

అందులో వెటకారం లేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగాడు.

ఫిట్టరుతో మాట్లాడితే, ట్యాంకు నీళ్ళు ముందు కొత్త పైపే లాగేస్తోందని, దానికి ఒక వాల్వు బిగించి పొద్దున గంటసేపు కట్టేస్తే చివరి వీధికి నీళ్ళు అందుతాయన్నాడు. ఆ ప్రతిపాదన ప్రెసిడెంటు గారి ముందు పెట్టాను.

“ఏమప్పా, సద్దుమణిగిన మనిషిని మళ్ళీ కదిలిస్తావా? ఆయన పోతే నువ్వు జవాబు చెప్తావా?” అన్నారు.

చెప్పలేననిపించింది. తీర్మానం వల్ల ఒకరికి అన్యాయం జరిగిందని జిల్లా పంచాయతీ అధికారికి నేరుగా రిపోర్టు రాసే అధికారం నాకుంది. రాయలేదు. బోర్డుతో పేచీ పెట్టుకుంటే బదిలీ తప్పదని భయపడ్డాను, అంతకుమించి వేరే కారణం ఏమీ లేదు.

ఆ ఏడాది ఆఖర్లో మస్తాన్ లైసెన్సు వాపసు ఇవ్వడానికి వచ్చాడు. కాగులు అమ్మేశాడట, తమ్ముడితో కలిసి ముగ్గురాయి గనుల్లో కూలికి పోతున్నాడట. వాపసు తీసుకునేటప్పుడు రిజిస్టరులో కారణం రాయాలి. ఏం రాయమంటావని అడిగాను.

“మీరే రాసుకోండి సార్, మీకు తెలవందేముండాది?” అన్నాడు.

‘స్వంత కారణాలు’ అని రాశాను. అతను వేలిముద్ర వేసి, నాకు నమస్కారం పెట్టి మరీ వెళ్ళాడు. ఆ నమస్కారం ఇప్పటికీ నన్ను పొడుస్తూనే ఉంది.

1958లో నాకు కర్నూలు జిల్లాకు బదిలీ అయింది. మరుసటి ఏడు పాత ఆఫీసు గుమాస్తా మహానందికి వచ్చి, తిరుగు దారిలో నన్ను చూడ్డానికి ఆగాడు. మూడేళ్ళ గడువు తీరగానే సుబ్బారెడ్డి మళ్ళీ అదే ఉత్తరం రాశాడని, ఈసారి కొత్త బోర్డు కుదరదందని చెప్పాడు. మరి కార్ఖానా ప్రొద్దుటూరికి పోయిందా అని అడిగాను.

“యాడికి పోతాడు సార్? భూములీడ, ఇల్లీడ, కూలోళ్ళీడ. నోరు మూసుకొని ఫీజు కట్టి నడుపుకుంటాండాడు,” అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

పంచాయతీలు వ్యాపారాలకు రాయితీ ఇవ్వనే కూడదని నేననను. ముప్పై ఇళ్ళ కూలి చిన్న విషయం కాదు. ఇచ్చి నిలబెట్టుకోవలసినవీ ఉంటాయి, తర్వాతి ఊళ్ళలో నేనే అటువంటి నోట్‌లు రాశాను. అయితే రాసే ముందు, పోతానన్నవాడికి నిజంగా పోయే దారి ఉందో లేదో కనుక్కునేవాణ్ణి. అదే పని చేస్తూ ఉత్తరం రాయనివాళ్ళు ఎవరో వీధి వీధి తిరిగి చూసి, వాళ్ళ పేర్లు ఆఖరి పేరాలోనే పెట్టేవాణ్ణి. ఇది తెలియడానికి నాకొక అద్దకంవాడి బతుకు ఖర్చయింది. ఆ ఊరి లైసెన్సు రిజిస్టరులో మస్తాన్ పేరుకెదురుగా ‘స్వంత కారణాలు’ అని నా దస్తూరీతో ఉంటుంది. అది అబద్ధం. కింద సంతకం కూడా నాదే.